ఫిల్టర్ మార్చాక గేరు జారుతోంది... గేర్‌బాక్స్ విప్పించాలా?

ప్రశ్న: నాది ఆరు గేర్ల ఆటోమేటిక్ పెట్రోల్ కారు. 68,000 కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలల కిందట కంపెనీ ఇచ్చిన ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి, లావుపాటి పైపుతో వచ్చే గరాటు ఆకారపు ఫిల్టర్ పెట్టించాను. పికప్ పెరిగినట్టే అనిపించింది. నెల కిందట దాన్ని కడిగి, దాంతోపాటు ఇచ్చిన ఆయిల్ పట్టించి మళ్ళీ బిగించాను. కొన్నాళ్ళుగా రెండో గేరు నుంచి మూడో గేరుకి మారేటప్పుడు ఆర్‌పీఎం ఒక్కసారిగా పైకి లేస్తోంది, ఆ తర్వాత దబ్బున గేరు పడుతోంది. పొద్దున్నే స్టార్ట్ చేసి ‘డీ’లో వేసినా బండి కుదుపు ఇస్తోంది. చెక్ ఇంజన్ లైటు ఒకసారి వెలిగి, రెండు మూడు రోజుల్లో దానంతటదే ఆరిపోయింది. వర్క్‌షాపులో చూపిస్తే గేర్‌బాక్స్ ఓవర్‌హాల్ చెయ్యాలన్నారు. ఫిల్టర్‌కీ గేర్‌బాక్స్‌కీ సంబంధమే లేదని స్నేహితుడు అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

సమాధానం: ముందుగా ఒక్కటే అడుగుతున్నాను. ఎవరు ఎంత గట్టిగా చెప్పినా ఇప్పుడే గేర్‌బాక్స్ విప్పనివ్వకండి. పాత ఫిల్టర్ డబ్బా ఇంట్లో ఎక్కడో ఉండే ఉంటుంది, దాన్ని వెతికి బయటికి తీయండి. మీ స్నేహితుడు చెప్పింది సరికాదు. గాలి వచ్చే దారికీ గేర్లు పడే తీరుకీ నేరుగా సంబంధం ఉంది. అది కంటికి కనిపించే సంబంధం కాదు కాబట్టి చాలామంది లేదనుకుంటారు. మీ ఉత్తరంలోని వివరాలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే, నా అనుమానం మొదట గాలి మీదికీ, ఆ తర్వాతే గేర్‌బాక్స్ మీదికీ వెళ్తోంది.

ఎందుకో చెబుతాను. కాస్త ఓపిగ్గా చదవండి. ఇది అర్థమైతే రేపు మెకానిక్‌తో మీరే ధీమాగా మాట్లాడగలరు.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ని నడిపే కంప్యూటర్ రెండు విషయాలు తేల్చుకోవాలి. గేరు ఎప్పుడు మార్చాలి అన్నది మొదటిది. లోపలి క్లచ్ ప్లేట్లను ఎంత గట్టిగా నొక్కి పట్టాలి అన్నది రెండోది. ఎప్పుడు మార్చాలన్నది ఎక్కువగా మీ కాలిని బట్టీ, బండి వేగాన్ని బట్టీ ఉంటుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కారు, చక్రాలు ఎంత వేగంగా తిరుగుతున్నాయి, ఈ రెండూ చూసి అది నిర్ణయం తీసుకుంటుంది. ఎంత గట్టిగా పట్టాలన్నది మాత్రం ఇంజన్ ఆ క్షణంలో ఎంత టార్క్, అంటే తిప్పే బలం, ఇస్తోందన్న దాని మీద ఆధారపడుతుంది. టార్క్ ఎక్కువైతే ఆయిల్ ప్రెషర్ పెంచాలి, లేకపోతే ప్లేట్లు జారతాయి. టార్క్ తక్కువగా ఉన్నప్పుడు ప్రెషర్ ఎక్కువ పెడితే గేరు దెబ్బ కొట్టినట్టు పడుతుంది.

మరి ఇంజన్ ఇచ్చే టార్క్ ఎంతో గేర్‌బాక్స్‌కి ఎలా తెలుస్తుంది? మామూలు కార్లలో టార్క్‌ని నేరుగా కొలిచే పరికరం ఉండదు. ఇంజన్ కంప్యూటర్ లెక్క కట్టి చెబుతుంది. ఎంత గాలి లోపలికి వెళ్ళింది, దాని ఉష్ణోగ్రత ఎంత, ఆర్‌పీఎం ఎంత, స్పార్క్ ఎప్పుడు పడింది, ఇవన్నీ కలిపి ‘ఇప్పుడు ఇంత టార్క్ ఇస్తున్నాను’ అని గేర్‌బాక్స్‌కి కబురు పంపుతుంది. ఈ లెక్కకి పునాది గాలి కొలతే. అది తప్పితే టార్క్ లెక్క తప్పుతుంది. టార్క్ లెక్క తప్పితే గేర్‌బాక్స్ పెట్టే ప్రెషర్ కూడా తప్పుతుంది. గేర్‌బాక్స్‌లో ఏ లోపం లేకపోయినా సరే.

ఇక గాలిని కొలిచేది మాఫ్ (మాస్ ఎయిర్ ఫ్లో) సెన్సర్. ఫిల్టర్ దాటిన వెంటనే పైపులో దూర్చి రెండు స్క్రూలతో బిగించి ఉంటుంది. ఎప్పుడైనా విప్పితే దాని మూతిలోకి ఒకసారి తొంగి చూడండి, చెయ్యి మాత్రం పెట్టకండి. వేలెడంత ప్లాస్టిక్ ముక్క, దానికి చిన్న కిటికీ లాంటి సందు, ఆ సందులో వెంట్రుకంత సన్నని తీగ కనిపిస్తుంది. కొన్నింటిలో తీగ బదులు పలుచని రేకు ఉంటుంది. కరెంటుతో ఆ తీగని వేడి చేసి ఉంచుతారు. మీదుగా గాలి వెళ్తుంటే తీగ చల్లబడుతుంది, దాని వేడి తగ్గకుండా చూసుకోవడానికి ఇంకాస్త కరెంటు పంపాలి. ఎంత కరెంటు పంపాల్సి వచ్చిందో చూసి ఎంత గాలి వెళ్ళిందో లెక్క కడతారు. ఇంత పెద్ద బండిలో గేర్లు మెత్తగా పడటం, ఆ వెంట్రుకంత తీగ చెప్పే మాట మీద ఆధారపడి ఉంటుంది.

ఇక్కడో చిక్కుంది. ఆ సెన్సర్ పైపులో వెళ్ళే గాలి మొత్తాన్నీ చూడదు. తన సందులోంచి దూరిన కొంచెం గాలిని కొలిచి, ‘పైపు ఇంత లావు కాబట్టి మొత్తం గాలి ఇంత’ అని లెక్క కడుతుంది. కంపెనీ పైపు లావుని బట్టే ఆ లెక్క కంప్యూటర్‌లో రాసిపెట్టారు. మీరు పైపు లావు మార్చారు, కంప్యూటర్‌కి ఆ సంగతి తెలియదు.

మాటవరసకి సెన్సర్ ఉన్నచోట పాత పైపు లోపలి కొలత 70 మిల్లీమీటర్లు, కొత్తది 76 అనుకుందాం. ఆరు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ పైపు నోటి వైశాల్యం కొలతకి వర్గంగా పెరుగుతుంది. అంటే దాదాపు 18 శాతం పెద్దదైంది. అంతే గాలి ఇంత పెద్ద దారిలో వెళ్తే దాని వేగం సుమారు 15 శాతం తగ్గుతుంది. తీగ మీదుగా గాలి నెమ్మదిగా వెళ్తే సెన్సర్ ‘గాలి తక్కువ వచ్చింది’ అనే చెబుతుంది. ఇంజన్ నిజంగా 100 పాళ్ళ గాలి పీలుస్తున్నా, లెక్కలోకి వచ్చేది 85. గేర్‌బాక్స్‌కి చేరే టార్క్ కబురు కూడా ఆ మేరకు తక్కువగానే చేరుతుంది. మీ పైపు కొలతలు నాకు తెలియవు. కాలిపర్ పెట్టి పాతదీ కొత్తదీ సెన్సర్ దగ్గర కొలిచి చూడండి. కొన్ని మంచి కిట్లలో పైపు మిగతా చోట్ల లావుగా ఉన్నా, సెన్సర్ కూర్చునే చోట మాత్రం పాత కొలతనే ఉంచుతారు. అలాంటిదైతే ఈ అనుమానం చాలావరకు పోతుంది.

దీనికి తోడు మీరు పట్టించిన ఆయిల్. ఉత్తరంలో నా కన్ను మొదట పడింది ఆ వాక్యం మీదే. నూలు ఫిల్టర్‌కి ఆయిల్ కాస్త ఎక్కువైతే, గాలి లాగే ఊపుకి సన్నటి తుంపరగా లేచి ఆ వేడి తీగ మీద పేరుకుంటుంది. దాని మీద దుమ్ము అంటుకుంటుంది. పూత పట్టిన తీగకి గాలి సరిగ్గా తగలదు కాబట్టి, సెన్సర్ మళ్ళీ తక్కువే చెబుతుంది. మీరు ఫిల్టర్ పెట్టించి రెండు నెలలైంది, గేరు జారడం మాత్రం కడిగి ఆయిల్ పట్టించాకే మొదలైంది. ఈ వరస చూశాకే గేర్‌బాక్స్‌ని విప్పవద్దని ఇంత గట్టిగా చెబుతున్నాను.

‘సెన్సర్ తప్పు చెబితే ఇంజన్ కూడా ఇబ్బంది పెట్టాలి కదా, అది బాగానే నడుస్తోందే’ అని మీరు అడగొచ్చు. చాలామంది మెకానిక్‌లు కూడా దారి తప్పేది ఇక్కడే. ఇంజన్‌కి ఇంకో కాపలాదారు ఉన్నాడు, సైలెన్సర్ దారిలో ఉండే ఆక్సిజన్ సెన్సర్. పెట్రోల్ తక్కువ పడుతోందని అది కనిపెట్టగానే కంప్యూటర్ పెట్రోల్ పెంచేస్తుంది. ఈ దిద్దుబాటునే ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. అందువల్ల ఇంజన్ శుభ్రంగా నడుస్తున్నట్టే ఉంటుంది. కానీ చాలా బండ్లలో ఆ దిద్దుబాటు పెట్రోల్ వరకే. గేర్‌బాక్స్‌కి వెళ్ళే టార్క్ కబురు ఆ తప్పు గాలి కొలతతోనే వెళ్తుంది. అలా ఇంజన్ తన తిప్పలు తాను సర్దుకుంటుంది, ఆ తప్పు భారం గేర్‌బాక్స్ మీద పడుతుంది.

గేర్‌బాక్స్ కూడా చేతులు ముడుచుకుని కూర్చోదు. లోపలికి వచ్చే షాఫ్టు వేగం, బయటికి వెళ్ళే షాఫ్టు వేగం రెండూ చూసుకుంటూ, గేరు పడటానికి ఎంత సమయం పట్టిందో ప్రతిసారీ గమనిస్తుంది. జారినట్టు తెలిస్తే తర్వాతిసారి ప్రెషర్ కాస్త పెంచుతుంది. దీన్నే అడాప్టేషన్ అంటారు. మొదటి నెల మీకు ఏమీ తెలియకపోవడానికి బహుశా ఇదే కారణం. ఆ దిద్దుబాటుకీ ఒక హద్దు ఉంటుంది. పైపు వల్ల వచ్చిన తేడాని అది ఎలాగో సర్దుకుంది, ఆ తర్వాత ఆయిల్ పూత వల్ల ఇంకొంచెం తేడా వచ్చేసరికి హద్దు దాటిపోయి ఉండొచ్చు. రెండో గేరు క్లచ్ వదిలేసింది, మూడో గేరు క్లచ్ ఇంకా పట్టలేదు. ఆ సందులో ఇంజన్ మీద బరువు తగ్గి ఆర్‌పీఎం పైకి లేస్తుంది. అది గమనించిన కంప్యూటర్ ప్రెషర్ ఒక్కసారిగా పెంచితే దబ్బున పడుతుంది. మీరు రాసింది అచ్చం ఇదే.

పొద్దున్నే ‘డీ’లో వేసినప్పుడు వచ్చే కుదుపు వేరే కథ కావచ్చు. సెన్సర్‌ని దాటాక, ఫిల్టర్ డబ్బా నుంచి వచ్చే పైపుకి ఇంజన్ మూత దగ్గర్నుంచి ఒక సన్నని రబ్బరు గొట్టం వచ్చి కలుస్తుంది, దాన్ని బ్రీదర్ గొట్టం అంటారు. డబ్బా తీసేసినప్పుడు దాన్ని కొత్త పైపుకి కలపాలి. వదులుగా కలిపినా, పైపు కీళ్ళ దగ్గర క్లాంప్ సరిగ్గా బిగించకపోయినా, సెన్సర్‌ని దాటాక ఆ సందులోంచి లెక్కలోకి రాని గాలి లోపలికి దూరుతుంది. ఐడ్లింగ్ నిలకడగా ఉండదు. చల్లగా ఉన్న ఇంజన్ ఎలాగూ ఆర్‌పీఎం కాస్త ఎక్కువగా తిరుగుతుంది. దాని మీద ఇంకా పెరిగితే, ‘డీ’లో వేసిన క్షణాన ఆ ఊపంతా గేర్‌బాక్స్‌కి ఒక్కసారిగా తగులుతుంది. ఫిల్టర్ పెట్టినప్పుడు థ్రాటిల్ బాడీ (యాక్సిలరేటర్ తొక్కితే గాలి దారి తెరిచే భాగం) కూడా కడిగి, ఐడిల్ రీలెర్న్ (ఐడ్లింగ్ లెక్కని కంప్యూటర్‌కి మళ్ళీ నేర్పడం) చెయ్యకుండా వదిలేశారా అన్నది కూడా అడిగి తెలుసుకోండి. అప్పుడు కూడా ఇలాగే ఆర్‌పీఎం ఎక్కువై కుదుపు వస్తుంది.

ఒకసారి నా దగ్గరికి ఇలాంటి కారే వచ్చింది. అప్పటికే ఒకచోట గేర్ ఆయిల్ రెండుసార్లు మార్చారు, గేర్‌బాక్స్‌లో ఆయిల్ ప్రెషర్‌ని అదుపు చేసే కరెంటు వాల్వులు, అంటే సొలినాయిడ్లు, మార్చారు. అయినా కుదుపు పోలేదు. నేను కూడా మొదట గేర్‌బాక్స్ వైపే చూశాను, ఒక పూటంతా అక్కడే పోయింది. చివరికి ఇంజన్ ఆన్‌లో ఉండగా వంగి చూస్తుంటే సన్నగా ఈల వేసినట్టు చప్పుడు వినిపించింది. గాలి పైపు అడుగువైపు, పైనుంచి చూస్తే కనిపించని చోట, క్లాంప్ రబ్బరు అంచు దాటి జారిపోయి ఉంది. వేలు పెడితే గాలి లోపలికి లాగడం తెలుస్తోంది. స్క్రూడ్రైవర్‌తో సరిచేసి బిగించడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ కారు యజమాని మొహంలో సంతోషం కంటే, అప్పటిదాకా పెట్టిన ఖర్చు గుర్తొచ్చిన బాధే ఎక్కువ కనిపించింది. మీ ఉత్తరం చదవగానే నాకు ఆ మొహమే గుర్తొచ్చింది.

గాలికీ గేర్లకీ ఉన్న ఈ సంబంధం కంప్యూటర్లు వచ్చాక పుట్టింది కూడా కాదు. పాత ఆటోమేటిక్ గేర్‌బాక్సులు చాలావాటిలో, ఇంజన్ గాలి పీల్చే చోటు నుంచి ఒక రబ్బరు గొట్టం గేర్‌బాక్స్‌కి వెళ్ళేది. అక్కడి వ్యాక్యూమ్‌ని బట్టి ప్రెషర్ మారేది. ఆ గొట్టం పగిలితే వ్యాక్యూమ్ అందక, డ్రైవర్ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాడనుకుని గేరు ఆలస్యంగా, గట్టిగా వేసేది. జనరల్ మోటార్స్ 1982లో తెచ్చిన 700ఆర్4 గేర్‌బాక్స్‌లో వ్యాక్యూమ్ గొట్టం బదులు థ్రాటిల్ నుంచి కేబుల్ ఉండేది. కార్బురేటర్ మార్చి ఆ కేబుల్ సరిగ్గా కలపనివాళ్ళు, ప్రెషర్ చాలక క్లచ్ ప్లేట్లు కాల్చుకున్నారు.

ఫిల్టర్ మీద లేనిపోని నేరాలు కూడా మోపకూడదు. గాలి చప్పుడు పెరిగితే గేరు ఆలస్యంగా పడుతున్నట్టు చెవికి అనిపిస్తుంది. ఆర్‌పీఎం ముల్లు చూస్తే పాత చోటే మారుతుంటుంది. గరాటు ఫిల్టర్ ఇంజన్ వేడిలో తెరిచి ఉంటే అది వేడి గాలి పీలుస్తుంది. ప్రతి పది డిగ్రీల వేడికి గాలి సుమారు 3 శాతం పలచబడుతుంది, కాబట్టి ట్రాఫిక్‌లో పికప్ తగ్గుతుంది. అప్పుడు మీకు తెలియకుండానే కాస్త ఎక్కువ తొక్కుతారు, ఎక్కువ తొక్కితే గేరు ఆలస్యంగా మారుతుంది. ఇది లోపం కాదు. ఫిల్టర్ మూసుకుపోయినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ 2009లో పరీక్షించి చెప్పింది కూడా ఇదే. కంప్యూటర్ ఉన్న కొత్త తరం పెట్రోల్ కార్లలో ఫిల్టర్ మూసుకుపోతే మైలేజీ పెద్దగా మారలేదు, పికప్ మాత్రం తగ్గింది.

ఇక మీరు చెయ్యాల్సింది. ముందు, లైటు ఆరిపోయింది కదా అని వదిలెయ్యకండి. వరసగా మూడు ప్రయాణాల్లో తప్పు మళ్ళీ కనిపించకపోతే లైటు ఆరిపోతుంది. ఆ తప్పు పేరున కంప్యూటర్ రాసుకున్న కోడ్ మాత్రం మెమరీలో ఇంకొన్నాళ్ళు ఉంటుంది. స్కానర్ పెట్టించి ఆ కోడ్ ఏమిటో కాగితం మీద రాయించుకోండి. పీ0101 లేదా పీ0102 ఉంటే మాఫ్ సెన్సర్ వైపు, పీ0171 ఉంటే గాలి లెక్క తక్కువ పడటం వైపు వేలు చూపిస్తున్నట్టే. గేర్‌బాక్స్ కోడ్‌లు ఎక్కువగా పీ07తో మొదలవుతాయి. పీ0700 ఒక్కటే ఉంటే దాన్నిబట్టి ఏమీ తేల్చలేం, గేర్‌బాక్స్ కంప్యూటర్‌లోకి కూడా వెళ్ళి చూడాలి. కోడ్ చూడకుండా, ఒక రౌండు తిప్పి వచ్చి ఓవర్‌హాల్ అన్నవాళ్ళ మాట మీద గేర్‌బాక్స్ దించనివ్వకండి.

అదే స్కానర్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ చూపించమనండి. ఇంజన్ వేడెక్కాక అది సున్నాకి అటూ ఇటూ 5 శాతంలో ఉంటే నిశ్చింత. ప్లస్ 10 దాటితే గాలి లెక్కలో తేడా ఉన్నట్టే. అది ఎక్కడ పెరుగుతోందో కూడా చూడండి. ఐడ్లింగ్‌లో ఎక్కువగా ఉండి 2,500 ఆర్‌పీఎం దగ్గర తగ్గితే ఎక్కడో గాలి లీకవుతోంది. ఆర్‌పీఎం ఎంత ఉన్నా ఒకేలా ఎక్కువగా ఉంటే, లేదా పెంచేకొద్దీ ఇంకా ఎక్కువవుతుంటే, సెన్సర్ తక్కువ చెబుతోంది. ఈ ఒక్క పరీక్షతో సగం సంగతి తేలిపోతుంది.

తర్వాత పాత డబ్బా, పాత పైపు, కొత్త కాగితం ఫిల్టర్ పెట్టి బిగించండి. సెన్సర్‌ని మాఫ్ క్లీనర్ అని రాసి ఉన్న స్ప్రేతోనే కడగాలి. బ్రేక్ క్లీనర్ వాడొద్దు, గుడ్డతో తుడవొద్దు, బ్రష్ తగలనివ్వొద్దు. పూర్తిగా ఆరాకే బిగించండి. దాని మీద గాలి వెళ్ళే దిక్కు చూపే బాణం గుర్తు ఉంటే అది ఇంజన్ వైపు చూడాలి. బ్రీదర్ గొట్టం చివరిదాకా తొడిగి, ప్రతి క్లాంప్ చుట్టూ వేలు తిప్పి చూడండి.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. అంతా సరిచేశాక బండి తీసి, ఇంకా జర్క్ ఉందని నిరాశపడతారు. గేర్‌బాక్స్ ఇన్నాళ్ళూ తప్పు లెక్కకి తగ్గట్టు నేర్చుకున్నది ఇంకా అలాగే ఉంటుంది. ఇప్పుడు గాలి లెక్క సరైంది కాబట్టి, ఆ పాత దిద్దుబాటు వల్ల గేర్లు మునుపటికంటే గట్టిగా పడొచ్చు. చాలా బండ్లలో బ్యాటరీ టెర్మినల్ తీసినంత మాత్రాన అది పోదు, స్కానర్‌తో ట్రాన్స్‌మిషన్ అడాప్టేషన్ రీసెట్ చేయించాలి. ఆ తర్వాత గేర్ ఆయిల్ వేడెక్కాక, యాక్సిలరేటర్‌ని ఎక్కువా తక్కువా కాకుండా నిలకడగా తొక్కుతూ, ఆగుతూ సాగుతూ ఒకటి నుంచి ఆరు దాకా గేర్లన్నీ పదేపదే పడేలా కొన్ని రోజులు నడపండి. మీ మోడల్‌కి కంపెనీ చెప్పిన పద్ధతి ఏదైనా ఉంటే అదే పాటించండి.

ఇదంతా చేశాక, ట్రిమ్ లెక్క సరిగ్గా వచ్చాక కూడా మూడో గేరు జారుతుంటే, అప్పుడు గేర్‌బాక్స్‌ని అనుమానించాలి. ముందు దాని ఆయిల్ లెవెల్ కంపెనీ చెప్పిన వేడి దగ్గర చూడాలి. ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తే ప్లేట్లు కాలడం మొదలైనట్టే. ఈ మాట దాచడం ఇష్టం లేక చెబుతున్నాను: జారుతూ నడిచిన ప్రతి కిలోమీటరూ ఆ ప్లేట్లను అరగదీస్తుంది. అందుకే పాత డబ్బా బిగించేదాకా గట్టిగా తొక్కకండి, బరువు లాగకండి, ఓవర్‌టేక్‌ల జోలికి పోకండి. సీవీటీ, అంటే గేర్ల బదులు రెండు పుల్లీల మధ్య బెల్టుతో నడిచే ఆటోమేటిక్, ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆ బెల్టుని ఎంత గట్టిగా పట్టాలన్నది కూడా ఈ టార్క్ లెక్క మీదే ఆధారపడుతుంది, బెల్టు ఒక్కసారి జారితే పుల్లీ మీద పడ్డ గీతలు పోవు.

అంతా కుదుటపడ్డాక మళ్ళీ ఆ గరాటు ఫిల్టరే కావాలని మనసు లాగితే నేను వద్దనను. సెన్సర్ కూర్చునే చోట లోపలి కొలత పాతదానితో సమానంగా ఉందో లేదో ముందు కొలవండి. సమానంగా లేకపోతే, మీ పైపుకి తగ్గట్టు మాఫ్ లెక్కని ట్యూన్ చేసి ఇవ్వగలిగినవాళ్ళు దొరికితేనే పెట్టండి. సెన్సర్‌కి ముందు పైపు వంపు తిరక్కుండా కొంత దూరం తిన్నగా ఉండాలి, వంపు దాటగానే సెన్సర్ ఉంటే గాలి సుడి తిరిగి కొలత నిలవదు. ఆయిల్ పట్టించే ఎయిర్ ఫిల్టర్ కాకుండా పొడి ఫిల్టర్ తీసుకోండి. బిగించిన రోజున ట్రిమ్ ఎంత ఉందో రాసుకుని, వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ చూడండి. స్కానర్‌లో వచ్చిన కోడ్, ఐడ్లింగ్‌లోనూ 2,500 ఆర్‌పీఎం దగ్గరా ట్రిమ్ ఎంత ఉందో రాసి పంపితే, తర్వాత ఏ వైపు చూడాలో కలిసి తేల్చుకుందాం.